నక్షత్రాల ఫ్లెక్సీ మీద అయిదు బొట్లు

సారు పోయాడన్న కబురు వచ్చేసరికి నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఫోన్ చేసింది సరళ. మా బడిలో తొమ్మిదో తరగతిలో ముందు వరుసలో కూర్చునేది, ఇప్పుడు పట్నంలో నర్సు చదువుతోంది. "అక్కా, సైన్సు సారు పోయిండట. మహేశ్వరంల. మాపటికి తీస్తరట" అంది. సరే బిడ్డా అని ఫోన్ పెట్టేసి మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకున్నాను. కాసేపటికి చూసుకుంటే, నేను ఏరి పక్కన పారేసిన వాటిలో ఒక్క రాయి లేదు. అన్నీ మంచి గింజలే. రాళ్ళు చేటలోనే ఉన్నాయి.

ఇబ్రహీంపట్నం నుంచి ఆటోలో పావుగంట దూరం మా ఊరు. ఊరి హైస్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది నేనే. మూడో తరగతితో నా చదువు ఆగింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను గాని, చూసింది, విన్నది మాత్రం మర్చిపోను. నా చేతి అన్నం తిన్న పిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పగలను. అందుకే సారు సంగతి చెప్పడానికి కూర్చున్నాను. చెప్పకపోతే ఇది నా లోపలే ఉడుకుతూ ఉంటుంది.

సారు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన ఎడమ చేతి చొక్కా. దానికి ఎప్పుడూ సున్నం అంటి ఉండేది. గేటు దగ్గర నుంచి తరగతి దాకా ప్రహరీ గోడను రాసుకుంటూ నడిచేవాడు. "సారుకు గోడ దోస్తు" అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. ఆయన వింటే ఆయనా నవ్వేవాడు. "అవ్ బిడ్డా, గోడ మంచిది. ఎదురు మాట్లాడది" అనేవాడు.

హాజరు తీసుకునే తీరు కూడా వేరే. ఉన్నాను సార్ అంటే సరిపోదు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లగాడూ బడికొచ్చే తొవ్వలో చూసింది ఒకటి చెప్పాలి. ఒకడు "లారీ టైరు పగిలింది సార్" అనేవాడు, ఇంకొకతె "మా మేక ఈనింది సార్" అనేది. "ఎట్లున్నది? నీ మాటల్ల చెప్పు" అనేవాడు సారు. ఆ మాట ఆయన నోట రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో లెక్క లేదు. పుస్తకంలో బొమ్మ చూపించినా అంతే. పిల్లల చేతికిచ్చి, "నాకు చెప్పుర్రి, ఏమున్నది గందుల? పుస్తకం మాట వద్దు, మీ మాటల్ల చెప్పుర్రి" అనేవాడు. అందరం దాన్ని పాఠం చెప్పే పద్ధతే అనుకున్నాం. పెద్దమేడం, అంటే మా హెడ్‌మాస్టరమ్మ, మిగతా టీచర్లకు కూడా ఇట్లా చెప్పండి అనేది.

నల్లబల్ల మీద ఆయన గీత కుడి వైపుకు పోయేకొద్దీ కిందికి జారేది. "సార్, రాత చెరువుల దిగుతున్నది" అని వెనక నుంచి ఎవడో అరిచేవాడు. "దిగనియ్యిరా, దూప అయినట్టున్నది" అని ఆయన అంతే తొందరగా జవాబిచ్చేవాడు.

అన్నం దగ్గర ఇంకో వింత. పళ్ళెం తెచ్చుకొని, "అక్కా, గడియారం లెక్క పెట్టు. పన్నెండు కాడ పప్పు, మూడు కాడ గుడ్డు" అనేవాడు. నా కంటే పదేళ్ళు పెద్దవాడు, అయినా అక్కా అనే పిలిచేవాడు. ఒకసారి ఏమరుపాటున గుడ్డు తొమ్మిది దగ్గర పెట్టాను. ఆయన వేళ్ళు మూడు దగ్గర కాసేపు వెతికి ఊరుకున్నాయి. గుడ్డు తినకుండానే లేచాడు. ఇవాళ సారుకు ఆకలి లేనట్టుంది అనుకున్నాను. అప్పటికి నాకేం తెలుసు?

తెలిసిన రోజు చలికాలం. పెద్దమేడం శాలువా మీద టీ ఒలికితే ఉతికి, వంటగది ముందున్న బస్తాల మీద ఆరేశాను. సారు ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. వచ్చి బస్తాల ముందు నిలబడి, "నమస్తే మేడం. జర లేటైంది. బస్సు తుక్కుగూడ కాడ అర్ధగంట ఆగింది. ఏమనుకోకుర్రి" అన్నాడు. జవాబు రాకపోయేసరికి, "రేపటి సంది ముందు బస్సుకే వస్త మేడం" అని ఇంకా కిందికి వంగి చెప్పాడు.

నేను పడీ పడీ నవ్వాను. "సారూ, శాలువా ఏం కోప్పడది గని, లోపలికి పోండ్రి" అన్నాను.

ఆయన నవ్వలేదు. అక్కడే వంటగది మెట్టు మీద కూర్చున్నాడు. "అక్కా, కనవడ్తలేదు" అన్నాడు.

"ఏది సారూ?"

"నడుమల ఉన్నదేది కనవడ్తలేదు. అంచులు మాత్రం జర జర. నీ మొఖం లేదు. నీ చెవుల కమ్మలున్నయ్."

నా చెయ్యి చెవి మీదికి పోయింది. "దవాఖానల చూపెట్టుకోకపోతిరి?" అన్నాను.

"అన్ని తిరిగిన. నరం ఎండుతున్నదట. అద్దాలతోని కాదు, ఆపరేషన్‌తోని కాదు." గొంతు తగ్గించి, "ఎవరికి చెప్పకు. చెప్తే రేపే నన్ను తీస్కపోయి ఆఫీసుల కుర్చీల కూసోవెడ్తరు. బల్ల ముంగట నిలవడకపోతే నేనేం సారును?" అన్నాడు.

పొయ్యి గట్టు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను, చెప్పనని. ఆ ఒట్టు తప్పలేదు. తప్పినా బాగుండేదేమో, నాకు తెలియదు.

ఆ తరవాత కొన్ని రోజులకే పోటీ సంగతి వచ్చింది. ఆకాశంలోకి పెద్ద దుర్బిణి ఒకటి పంపారట. అది తీసిన ఫొటోలు పెట్టుకొని పిల్లలకు సైన్సు పాఠం చెప్పే టీచర్లకు పోటీ. ఒక పాఠం వీడియో తీసి పంపాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకటే తీత. నడుమ కోయకూడదు, అతకకూడదు. పెద్దమేడం ఫోన్లో చూసి చదువుతుంటే సారు రెండుసార్లు చదివించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇన్నేండ్ల సంది పాఠం చెప్తున్న. తనిఖీకి వచ్చినోళ్ళు రిజిస్టర్లు చూసిన్రు, మరుగుదొడ్లు చూసిన్రు, నీ పప్పు నాకి చూసిన్రు. నా పాఠం ఒక్కడు కూసోని ఇనలే. ఎర్కున్నోళ్ళు ఒక్కసారన్న ఇనాలె. ఈ కండ్లు పూరాగ ఆరిపోకముందు. గంతే, ఇంకేమొద్దు" అన్నాడు.

"గెలిస్తే ఏమిస్తరు సారూ?"

"ఏమో. అది నేను ఇనలే."

అప్పటి నుంచి రోజూ అన్నాలైపోయాక, పిల్లలు ఆటల్లో ఉండగా, ఆయన వంటగది మెట్టు మీదికి వచ్చేవాడు. ఫోన్లో ఆ దుర్బిణి ఫొటో తెరిచి నా చేతిలో పెట్టి, "ఎట్లున్నది? నీ మాటల్ల చెప్పు" అనేవాడు.

మొదటిరోజు చూస్తే, నల్లగా ఉంది, దాని నిండా ఏవో మెరుస్తున్నాయి. "నల్లచీర మీద నూకలు పారవోసినట్టున్నది సారూ" అన్నాను.

"అన్ని నూకలేనా?"

బియ్యం ఏరే కళ్ళు కదా నావి. గింజకూ గింజకూ తేడా పట్టకపోతే పిల్లల పంటికింద రాయి పడుతుంది. మెల్లగా చూడటం మొదలుపెట్టాను. "కొన్నిటికి ముండ్లున్నయ్ సారూ, పల్లేరు కాయలకున్నట్టు. కొన్ని గుండ్రంగ. కొన్ని పగిలిన గాజు ముక్కలోలె వంగినయ్."

సారు మోకాలి మీద చరుచుకున్నాడు. "ముండ్లున్నయి మనయే అక్కా, దగ్గరి చుక్కలు. ముండ్లు లేనియి ఒక్క చుక్క కాదు, చుక్కల మందలు. నువ్వు నూక అన్నవు చూడు, గా ఒక్క నూకల కోట్ల చుక్కలు. వంగినయి నిజంగ వంగలే. నడుమల బరువైన మంద ఉన్నది, దాని పక్కపొంటి వస్తుంటె వెనకదాని వెలుగు వంగి వస్తది. ఎర్రగ ఏమన్న ఉన్నయా?"

"సన్నసన్నగ ఉన్నయ్. ఎర్రగ, మసక మసకగ."

"అవి అన్నిటికన్న దూరం. ఆడికెళ్లి వెలుగు బయల్దేరిననాడు మన భూమే పుట్టలే. నువ్వు లేవు, నేను లేను, ఇబ్రహీంపట్నం చెరువు లేదు."

నా చేతిలో పట్టుకున్న ఫోన్ బరువెక్కినట్టయింది. నేను చెప్పింది చెప్పినట్టు ఆయన మనసులో ఎక్కించుకునేవాడు. కుడి పైమూలన ముళ్ళ చుక్క, దాని కింద రెండు గాజు ముక్కలు, నడుమ తెల్లటి కుప్ప, ఎడమ కింద ఎర్ర నూకలు మూడు. వారం తిరిగేసరికి ఫొటో మొత్తం ఆయనకు నోటికొచ్చింది.

బడిలో గోడ మీద బొమ్మ పడే మిషన్ ఉంది గాని దాని బల్బు పోయి ఏడాది. సారు ఇబ్రహీంపట్నం వెళ్ళి ఆ ఫొటోను గోడంత ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. వంటగది ముందు పరిచి నన్ను చూడమన్నాడు. చూస్తే కింద పెద్ద అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. "సారూ, అడుగున శుభాకాంక్షలతో అని రాసున్నది."

"ఏందీ?"

"శుభాకాంక్షలతో. పక్కన రెండు గులాబీ పూలు గూడ ఉన్నయ్."

ఎవరి పుట్టినరోజుకో కొట్టిన అచ్చులోనే దీన్నీ కొట్టేశాడు ఆ షాపు పిల్లగాడు. సారు కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఉండనియ్యి అక్కా. గంత దూరంకెళ్లి మన కాడికి వచ్చిన వెలుగు, ఒట్టిగ వస్తదా? చెప్తివి, మంచిగైంది. లేకుంటె పిల్లలు అడిగితె నేను ఆగమైతుంటి" అన్నాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోవాల్సింది నేను. అన్నీ గుర్తుంచుకునే నేను, ఇదొక్కటి ఆ రోజు మరిచాను.

వీడియో తీసింది పోటీకి పంపాల్సిన చివరి రోజునే. పెద్దమేడం మీటింగుల మీద మీటింగులతో అంతకుముందు కుదరలేదు. పొద్దున్నే నేను తరగతి గది ఊడ్చి, ఫ్లెక్సీని గోడకు మేకులు కొట్టి తగిలించాను. చూస్తే ఎంత బాగుందో. మా దిక్కు కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా వాడం. బండి అయినా, బోరు మోటరయినా, ఆఖరికి కుక్కరయినా సరే. బడికి కొత్త గ్యాసు పొయ్యి వచ్చినప్పుడు కూడా నేనే పెట్టాను. సారుకు ఇంత పెద్ద పని, ఒట్టి చేతులతో ఎట్లా మొదలుపెడతారు అనిపించింది. కుంకుమ తడిపి తెచ్చి నాలుగు మూలలకు నాలుగు, నడుమ ఒకటి పెట్టాను. దండం పెట్టుకున్నాను. ముందు వరుస పిల్లలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. సరళ అయితే, "అక్కా, నడుమల పెద్దగ పెట్టు" అంది కూడా.

అప్పుడే పొయ్యి మీద పప్పు పొంగిందని ఎవరో కేకేస్తే పరుగెత్తాను. సారుకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. బొట్టు పెట్టడం కూడా ఒకరికి చెప్పి చేసే పనా?

పాఠం మొదలయ్యాక కిటికీ దగ్గర నిలబడ్డాను. పెద్దమేడం ఫోన్ పట్టుకొని తీస్తోంది. ఏం చెప్పాడమ్మా ఆ రోజు! నా చేటలో నల్లగుడ్డ పరిపించి, నూకలు చల్లించి, ఒక్కొక్క పిల్లను పిలిచి ఫ్లెక్సీ మీద ముళ్ళ చుక్కలు వెతికించాడు. గాజు ముక్కలెందుకు వంగాయో చెప్పాడు. గోడకు ఆనుకోలేదు, తడుముకోలేదు. ఆయనకు కళ్ళు వచ్చేశాయేమో అనిపించింది నాకు.

అప్పుడు చివరి వరుసలో రేష్మ లేచింది. నెమ్మదస్తురాలు, నెలకొక్క మాట మాట్లాడే పిల్ల. ఆలస్యంగా వచ్చింది, పొద్దున జరిగింది చూడలేదు. "సార్, నడుమల గా ఎర్రది ఏంది సార్?" అంది.

సారు ఆగాడు. నడుమ తెల్లటి కుప్ప అని కదా నేను చెప్పింది. ఎర్రది ఎక్కడిది? నా గొంతు దాకా వచ్చింది, సారూ అది బొట్టు అని. పెద్దమేడం చేతిలో ఫోన్ తిరుగుతోంది. మాట అంటే అందులో పడుతుంది. అందరికీ తెలిసిపోతుంది. కిటికీ చువ్వలు పట్టుకొని అట్లాగే ఉండిపోయాను.

"ఎట్లున్నది బిడ్డా? నీ మాటల్ల చెప్పు" అన్నాడు సారు.

"గుండ్రంగ ఉన్నది సార్. ఎర్రగ. మెరుస్తలేదు."

సారు మొఖం వెలిగింది. "మెరుస్తలేదు గదా? అదే బిడ్డా. మస్తు దూరం నుంచి వస్తున్నది, వచ్చి వచ్చి అలిసిపోయింది. మనం ఇన్ని దినాలు చూడలే, నువ్వు చూసినవ్. గీ ఫొటోల అన్నిటికన్న దూరం ఉన్నది గదే" అని రెండు చేతులూ చాపి నడిమికి చూపించాడు.

ముందు వరుస మొత్తం ఒక్కసారి కిటికీ వైపు తిరిగింది. నా వైపు. సరళ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎప్పుడూ కిసకిసలాడే పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. గోడ, చెరువుల దిగే రాత, నీ మాటల్ల చెప్పు, అన్నీ. పెద్దమేడం ఫోన్ ఆపలేదు. ఒక్క రేష్మ మాత్రం సంబరంగా నోట్‌బుక్కులో రాసుకుంటోంది.

పాఠం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. గట్టిగా, చాలాసేపు కొట్టారు.

పెద్దమేడం వంటగదిలోకి వచ్చి తలుపు వేసింది. "సారుకు కనవడదని నీకెర్కనా?"

"ఎర్కే మేడం. ఒట్టేసిన."

"ఇప్పుడేం చేద్దాం? మళ్ళ తీద్దామంటె ఎందుకని అడుగుతడు. ఆ ముక్క కోసెయ్యరాదు. సాయంత్రంతోని గడువైపోతది. నువ్వు చెప్తవా?"

"నాతోని కాదు మేడం."

"నాతోని మాత్రం అయితదా?" అని ఆమె స్టూలు మీద కూలబడింది. ఇద్దరం ఉడుకుతున్న అన్నాన్ని చూస్తూ కూర్చున్నాం. తరవాత ఆమె ఫోన్ తీసి పంపించేసింది.

సాయంత్రం పిల్లలు పోయాక ఫ్లెక్సీ చుడదాం రమ్మని సారు నన్ను పిలిచాడు. హుషారుగా ఉన్నాడు. ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస ఆయన. మూల పట్టుకున్న ఆయన బొటనవేలు ఆగింది. గరుకుగా తగిలినట్టుంది. ఇంకోసారి రాశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, ఇది కుంకుమ."

నేను కొంగుతో ఆ మూల తుడవబోయాను.

"ఎన్ని పెట్టినవ్?"

"అయిదు సారూ."

"నడుమల?"

"ఒకటి."

బయట చేతిపంపు దగ్గర ఎవరో నీళ్ళు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన కదల్లేదు. "మెరుస్తలేదన్నది బిడ్డ" అన్నాడు మెల్లగా. "ఆమె నిజమే చెప్పింది. తప్పు నేను చెప్పిన." ఫ్లెక్సీని చివరిదాకా శ్రద్ధగా చుట్టి నా చేతికిచ్చాడు. నేను ఏడుస్తుంటే, "పెట్టేముందు ఒక్క మాట చెప్పకపోతివి అక్కా. గంతే" అన్నాడు. దానికంటే తిట్టినా, కొట్టినా నయం.

మర్నాడు హాజరు తీసుకోవడానికి ముందే తరగతిలో చెప్పేశాడు. "నిన్న రేష్మ అడిగినదానికి నేను తప్పు చెప్పిన. అది చుక్క కాదు, అక్క పెట్టిన బొట్టు. నాకు కనవడలే. నాకు రెండేండ్ల సంది కనవడ్తలేదు. రేష్మా, కొట్టెయ్యి బిడ్డా, నోట్‌బుక్కుల." రేష్మ బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చింది. తరవాత పెద్దమేడం దగ్గర కూర్చొని పోటీవాళ్ళకు లెటరు రాయించాడు, నా పాఠంలో ఒక తప్పుంది, ఆ ముక్కను పాఠం కింద లెక్కలోకి తీసుకోకండని. ఇంకో లెటరు పై ఆఫీసుకు, తన కళ్ళ సంగతి చెప్తూ.

ఆయన అనుకున్నట్టే అయింది. కొన్నాళ్ళు ఆఫీసు గదిలో కుర్చీ వేశారు. పిల్లలు పోయి పలకరించేవాళ్ళు, తొవ్వలో చూసిందేదో చెప్పి వచ్చేవాళ్ళు. తరవాత సెలవు పెట్టి, మహేశ్వరంలో తను ఉంటున్న తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయాడు. పోటీవాళ్ళ దగ్గర నుంచి మంచీ రాలేదు, చెడూ రాలేదు.

ఒకసారి చూడటానికి వెళ్ళాను. అప్పటికి అంచులు కూడా పోయాయి. నా గొంతు వినగానే, "అక్కా, ఇప్పుడు కమ్మలు గూడ లేవు" అని నవ్వాడు. కొంచెంసేపయ్యాక అడిగాడు, "నా పాఠం ఎవరన్న ఇన్నరంటావె?"

ఇన్నరంట సారూ, మెచ్చుకున్నరంట అని ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది? నోటిదాకా వచ్చింది. కాని తప్పు చెప్పానని తనంతట తానే చెప్పుకున్న మనిషి ముందు నాకు ఆ అబద్ధం రాలేదు. "తెల్వదు సారూ" అన్నాను. ఆయన తల ఊపాడు.

మొన్న మహేశ్వరం వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. మా దిక్కు కడసారి చూపుకు వచ్చినవాళ్ళు నుదుట కుంకుమ పెడతారు. వరుసగా పెడుతున్నారు. సరళ వచ్చింది, రేష్మ వచ్చింది. నా వంతు వచ్చింది. గిన్నెలో వేలు ముంచాను, చెయ్యి లేవలేదు. వెనక నుంచి ఎవరో ముసలామె, "పెట్టు తల్లీ, మంది ఉన్నరు" అంది.

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను.

"సారూ, నేను. బొట్టు పెడుతున్న. ఒకటే. నడుమల."

అప్పుడు పెట్టాను.